డిస్కు కంట్రోలరు గారి బదిలీ

నడిగుండ్ల ఎండ ఎరగనివాళ్లు ఓ గ్లాసు మజ్జిగ దగ్గర పెట్టుకుని ఈ కథ వినడం మంచిది. వేసవిలో రోళ్లు పగిలే ఎండ అంటారు చూశారూ, నడిగుండ్లలో రోళ్లు ఉగాదికే పగిలిపోతాయి. ఆ తర్వాత పగలడానికి ఇంకేమీ మిగలక ఎండ మనుషుల మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం అక్కడ కాకి కూడా అరవదు. అరిస్తే నోరెండిపోతుందని దానికి తెలుసు.

ఆ ఊళ్లో జిల్లా బావుల గణన కార్యాలయంలో సూపరింటెండెంటు తాటిపర్తి పానకాలరావు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అక్కడే పనిచేస్తున్నాడు. పనిచేస్తున్నాడనడం కంటే వేగుతున్నాడనడం న్యాయం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందా, ఆ మర్నాడే పానకాలరావు వీపు మీద చెమటకాయలు లేస్తాయి. కార్తీకం వస్తే గాని అణగవు. వాటికి పౌడరు అద్దీ అద్దీ ఆయన భార్య అలివేలు చేతులు ఎప్పుడూ పిండి జల్లించినట్టే ఉంటాయి.

పానకాలరావుకి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. కొండమీద ఏటిగరువు అనే ఊళ్లో వాళ్ల శాఖకి చిన్న ఆఫీసుంది. అక్కడ కొబ్బరినూనె సీసాలోంచి కిందికి దిగదట, చెంచాతో తవ్వుకోవాలట. ఏటా బదిలీకి పెట్టుకుంటాడు, ఏటా ఎవడో ఎమ్మెల్యే బావమరిది ఎగరేసుకుపోతాడు. ఈ ఏడు మాత్రం అక్కడి సూపరింటెండెంటు రిటైరవుతున్నాడు, పోటీకి బావమరుదులెవరూ లేరు. డిప్యూటీ డైరెక్టరు శేషావతారం గారు కూడా, "మీరు ఆప్షన్ పెట్టుకోండి పానకాలరావు గారూ, పైన ఒక మాట నేను వేస్తాను" అన్నాడు. అలివేలు ఆ మాట విన్న సాయంత్రమే ఉన్ని కొనేసింది. నడి మే నెలలో ఒంటి మీంచి చెమట కారుతుండగా మొగుడికి స్వెటరూ, కోతి టోపీ అల్లడం మొదలుపెట్టింది. చూసినవాళ్లు ఆవిడకి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

ఇక ఏసీ సంగతి. ఆ శాఖ నిబంధనల ప్రకారం ఏసీ గదిలో కూర్చోవాలంటే మనిషి డైరెక్టరైనా అయి ఉండాలి, లేదా కంప్యూటరైనా అయి ఉండాలి. నడిగుండ్లలో డైరెక్టరు లేడు, కంప్యూటరుంది. కాబట్టి దానికొక గదీ, గదికొక ఏసీ వచ్చాయి. ఏసీ బిగించిన రోజున ఆ గదిలో కంప్యూటరూ, దాన్ని నడిపే షమీమ్ అనే అమ్మాయీ ఇద్దరే ఉన్నారు. వారం తిరిగేసరికి 'యంత్రమును ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉంచవలసిన ఆవశ్యకత దృష్ట్యా' డిప్యూటీ డైరెక్టరు గారు బల్లతో సహా వచ్చేశాడు. ఆయన్ని పర్యవేక్షించుకోవడానికి పానకాలరావు వచ్చాడు. గుమాస్తాలు వచ్చారు. మంచినీళ్ల కుండ ఎండకి వేడెక్కుతోందంటూ అటెండరు యేసుపాదం కుండనీ, దాంతోపాటు తననీ తెచ్చి ఆ గదిలో ఓ మూల పెట్టాడు. బయట హాల్లో గోడ గడియారమూ, ప్రజల కోసం వేసిన బెంచీ మిగిలాయి.

అంతా చల్లగా సాగిపోతుండగా హెడ్డాఫీసు నుంచి పొదుపు ఉత్తర్వు దిగింది. అనవసరపు ఏసీలు తీసేస్తారట. ఆ కాగితం చదువుతుంటే గదిలో అందరికీ ఒకేసారి చెమట పట్టింది.

"పానకాలరావు గారూ, దీనికి మీరే ఒక జవాబు తగిలించాలి" అన్నాడు శేషావతారం. "మీ డ్రాఫ్టింగు ముందు హెడ్డాఫీసు ఆగలేదు."

ఆ మాట నిజం. పానకాలరావు డ్రాఫ్టు రాస్తే అందులో దూరడానికి చీమకి కూడా సందుండదు. ఆ పూట ఆయన తలుపేసుకుని, ఏసీ కింద కూర్చుని, జవాబుతోపాటు ఒక నిబంధనే రాసి పంపాడు. 'ప్రాసెసరు యనునది కంప్యూటరునకు మెదడు వంటిది. అది వేడెక్కిన యెడల ప్రభుత్వ ఆస్తికి తీరని నష్టము వాటిల్లును. కావున ప్రాసెసరు గల ప్రతి గదియందును, ప్రదేశ కాల ఋతు భేదముల నిమిత్తము లేకుండా, కార్యాలయ వేళలయందు ఏసీ పదునెనిమిది డిగ్రీల వద్ద నిరంతరాయముగా నడుపవలెను. ఆపినవారు క్రమశిక్షణ చర్యకు పాత్రులగుదురు.'

'ప్రదేశ కాల ఋతు భేదముల నిమిత్తము లేకుండా' అన్న ముక్క దగ్గర ఆయనకి తన మీద తనకే ముద్దొచ్చింది. వానాకాలం వచ్చిందని ఏసీ కట్టేస్తామనే వెధవ నోరు ముందే కుట్టేసినట్టయింది. ఇంటికెళ్లి అలివేలుకి చదివి వినిపించాడు కూడా.

"ఇంత గట్టిగా రాశారేంటి, రేపు మన మెడకే చుట్టుకోదు గదా" అంది ఆవిడ పౌడరు అద్దుతూ.

"పిచ్చిదానా, రేపీపాటికి మనం ఏటిగరువులో ఉంటాం. చుట్టుకుంటే ఇక్కడివాళ్లకి చుట్టుకుంటుంది" అన్నాడు పానకాలరావు.

హెడ్డాఫీసు వాళ్లు తక్కువ తిన్నారా. 'మీ నిబంధన పరిశీలనలో ఉన్నది. ఈలోగా మీ ప్రాసెసరు నిజముగా వేడెక్కుచున్నదని గంట గంటకు రీడింగుతో నిరూపింపుడు. అరవై డిగ్రీలు దాటని పక్షమున ఏసీ వెనుకకు తీసుకొనబడును' అని రాశారు.

అలాగే గంట గంటకూ తీసి పంపుతామని పానకాలరావు జవాబు రాశాక షమీమ్ రీడింగు చూసింది. ప్రాసెసరు వేడి చూడాలంటే కంప్యూటరు ఆపి, మళ్లీ ఆన్ చేసి, బొమ్మ పడకముందే డిలీట్ మీట నొక్కాలి. అప్పుడొక నీలం తెర వస్తుంది. దాంట్లో మదర్‌బోర్డుకి సంబంధించిన పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయి, ఓ మూల ప్రాసెసరు వేడి కనిపిస్తుంది.

"నలభై ఒకటి సార్" అంది.

గదిలో అందరూ తలెత్తి ఏసీ వంక చూశారు.

"అదేంటమ్మా అంత తక్కువ" అన్నాడు శేషావతారం.

"ఏసీ గదిలో ఉంది గదా సార్, వేడెందుకెక్కుద్ది?"

అదీ చిక్కు. ఏసీ ఉంటే వేడెక్కదు, వేడెక్కకపోతే ఏసీ ఉండదు. ఆ క్షణం నుంచి ఆ ఆఫీసు మొత్తానికి ఒకటే పని, కంప్యూటరుకి జ్వరం తెప్పించడం. ముందు షమీమ్ ఇంటి నుంచి బొంత తెచ్చి డబ్బాకి కప్పింది. గాలి వచ్చే సందుల్లో పాత ఫైళ్లు దోపారు. శేషావతారం టీ ఫ్లాస్కు పెద్దమనసుతో దాని నెత్తిన పెట్టించాడు. గుమాస్తాలు తలా ఒక సినిమా తెచ్చి అన్నీ ఒకేసారి ఆడించారు. యేసుపాదం అయితే పొదిగే కోడిలాగా డబ్బా పక్కనే కూర్చుని మాటిమాటికీ బొంత కిందికి చెయ్యి పోనిచ్చి చూసేవాడు.

"కాలతందయ్యా" అనేవాడు తృప్తిగా. "ఇంకో సినిమా వెయ్యమ్మా, పైటింగులుండేది."

రీడింగు అరవై దాటింది, డెబ్బై దాటింది. గంటకోసారి కంప్యూటరు ఆపి రీడింగు తియ్యడంతో బావుల లెక్క ఎవరు ఎక్కించినా సగంలోనే ఎగిరిపోయేది. దానికెవరూ బాధపడలేదు. బావులు ఎక్కడికీ పోవు గదా, ఉన్నచోటే ఉంటాయి.

పైనవాళ్లకి అనుమానం వచ్చింది. స్వయంగా చూసి రమ్మని జాయింట్ డైరెక్టరు పద్మాకర దీక్షితులు గారిని పంపించారు. ఆయన పెద్ద మనిషి, మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. భుజాన శాలువా కప్పుకుని మరీ వచ్చాడు. ఆయన కారు గేటులోకి తిరగ్గానే బొంత యేసుపాదం చంకలోకీ, ఫ్లాస్కు బల్ల కిందికీ వెళ్లిపోయాయి. వేడి మాత్రం అలాగే ఉంది.

దీక్షితులు గారు రీడింగు చూశాడు. డెబ్బై నాలుగు.

"గదిలో పద్దెనిమిది. ప్రాసెసరులో డెబ్బై నాలుగు" అన్నాడు తలపంకిస్తూ. "అనగా ఏసీ చాలుట లేదని స్పష్టమగుచున్నది. ఏసీ ఉన్నచోటే ఇట్లున్న, లేనిచోట ప్రాసెసర్ల గతియేమి? శేషావతారం, ఆ నిబంధన డ్రాఫ్టు చేసినది ఎవరు? ప్రదేశ కాల ఋతు భేదముల నిమిత్తము లేకుండా. నేను కారులో మూడు పర్యాయములు చదివితిని."

పానకాలరావు సిగ్గుపడి ముందుకొచ్చాడు. దీక్షితులు గారు ఆయన భుజం తట్టాడు. అక్కడితో వెళ్లిపోతే కథ లేదు. కానీ తనిఖీకి వచ్చిన అధికారి దేన్నీ ముట్టుకోకుండా వెళ్తే తనిఖీ చేసినట్టెలా తెలుస్తుంది? ఆయన నీలం తెర మీద తర్వాతి పేజీ తిప్పమన్నాడు.

"ఇదేమి?"

"డిస్కు కంట్రోలరు సార్" అంది షమీమ్. "డిస్కులో ఉన్న సరుకంతా కంప్యూటరుకి అందించేది ఇదే. ఇది మూడు రకాలుగా పని చేస్తది. ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్. మనది ఏహెచ్‌సీఐలో ఉంది."

"ఎప్పటి నుంచి?"

"కంప్యూటరు కొన్నప్పటి నుంచీ సార్. ఏడెనిమిదేళ్లు."

దీక్షితులు గారి ముఖం గంభీరంగా మారింది. "ఏడెనిమిది సంవత్సరములు ఒకే సీటులోనా? శాఖ బదిలీ విధానము ప్రకారము ఎంతటివారైనను ఒక సీటులో మూడేండ్లకు మించి ఉండరాదు. ఉన్నచో ఏమగును? స్థానిక సంబంధములు పెరుగును. అలసత్వము పెరుగును. వేడి పెరుగును. ఇదిగో మీ జబ్బుకు మూలము."

పానకాలరావు ఆ మాట విని తన కుర్చీ వంక చూసుకున్నాడు. తను అదే సీట్లో జుట్టు నెరిసేదాకా ఉన్నాడు, ఈ విధానం తన దగ్గరికి ఒక్కసారైనా రాలేదు.

"సార్, అది మార్చకూడదు సార్" అంది షమీమ్. "ఏ పద్ధతిలో లోడు చేశామో ఆ పద్ధతిలోనే ఉండాలి. మారిస్తే దానికి డిస్కు కనపడదు."

"కొత్త సీటులో చేరినవారికి మొదట ఏమియు కనపడదు. అలవాటు కావలెను" అని దీక్షితులు గారు స్వహస్తాలతో ఏహెచ్‌సీఐని తీసేసి రెయిడ్‌ని వేశాడు. ఆ మార్పుని కాగితం మీద రాయించి సంతకం కూడా పెట్టాడు.

కంప్యూటరు మళ్లీ లేచింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో, డిస్కు కనబడుట లేదు అన్నమాట పడింది. అంతే, ఇంకేమీ రాలేదు. బొంత లేదు, సినిమాల్లేవు. దీక్షితులు గారు భోజనం చేసి వచ్చేసరికి రీడింగు ముప్ఫై ఎనిమిది.

"చూచితిరా" అన్నాడు ఆయన. "ఇప్పుడు ఏసీ పనిచేయుచున్నది."

"మరి చల్లబడింది గదా సార్, ఇంక ఏసీ అక్కర్లేదంటారేమో" అన్నాడు శేషావతారం భయం భయంగా.

"అదెట్లు? వేడిగానున్న, ఏసీ చాలలేదని అర్థము. చల్లగానున్న, ఏసీ పనిచేయుచున్నదని అర్థము. ఏ విధముగా చూచినను ఏసీ ఉండవలసినదే. ఈ సూత్రమును రాష్ట్రమంతటికి వర్తింపజేయుదును."

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. పానకాలరావూ కొట్టాడు. కారు వెళ్లిపోయాక ఆయనకి ఒక సంగతి గుర్తొచ్చి చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. బదిలీకి ఆప్షన్ పెట్టుకోవడానికి ఆఖరు రోజు శనివారం. ఆ ఆప్షన్ ఆఫీసు కంప్యూటరులోంచే పెట్టాలి, ఎందుకంటే బదిలీల పేజీ తెరిచే తాళం ఫైలు ఎవరిది వాళ్ల ఆఫీసు డిస్కులోనే ఉంటుంది. డిస్కేమో కనబడుట లేదు.

"అమ్మా షమీమ్, దాన్ని మళ్లీ మామూలుగా చెయ్యడం కష్టమా?"

"కష్టమేముంది సార్, నాలుగు మీటలు నొక్కితే అయిపోద్ది. చెయ్యమంటారా?"

చెయ్యమందామని నోరు తెరిచాడు. బల్ల మీదున్న జేడీ గారి కాగితం కంటబడి మళ్లీ మూసేశాడు. పై అధికారి సంతకం పెట్టి చేసినదాన్ని కిందివాడు మార్చడమంటే పానకాలరావు సర్వీసులో కలలో కూడా జరగని పని. ఒకసారి ఓ అధికారి గోడ క్యాలెండరుని తలకిందులుగా తగిలించి వెళ్తే, ఏడాది పొడుగునా అందరూ మెడ వంచి తేదీ చూసుకున్న ఆఫీసది. ఆయన శేషావతారం బల్ల దగ్గరికి వెళ్లాడు.

"సార్, కంట్రోలరుని పాత సీటుకి వేయిస్తే నా ఆప్షన్ పెట్టుకుంటాను."

శేషావతారం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ మధ్య ఆయనకి ఏసీ గదిలో కళ్లజోడు తుడుచుకోవడం తప్ప పనేం లేదు. "జేడీ గారు బదిలీ చేసినవారిని వెనక్కి తెచ్చే అధికారం నాకు లేదండీ. పైగా ఇప్పుడు రీడింగు ఎంత బావుంది. సినిమాల గోల కూడా లేదు. ఈ ప్రశాంతతని మీరు చెడగొడతానంటారా?"

నిజమే, ఆ ఆఫీసులో ఇప్పుడు అందరూ సుఖంగా ఉన్నారు. కంప్యూటరు చల్లగా ఉంది, మనుషులు చల్లగా ఉన్నారు, పని అసలే లేదు. కంప్యూటరు పనిచెయ్యాలని కోరుకుంటున్న మనిషి జిల్లా మొత్తం మీద పానకాలరావు ఒక్కడే. ఆయనకి ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవలేక, చెమటకాయలు దురద పుట్టాయని చెప్పి బయట హాల్లోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

శనివారం పొద్దున అలివేలు ఉప్మా పెడుతూ మొగుడి ముఖం చూసింది. స్వెటరు పూర్తయింది, టోపీకి కుచ్చు మాత్రం మిగిలింది.

"ఒక మీట నొక్కడానికి ఇంత ఏడుపేంటండీ."

"నీకర్థం కాదే. దాన్ని జేడీ గారు వేశారు. జేడీ గారు వేసినదాన్ని నేను తీయగలనా?"

"మరి పోయినేడు మీ డిప్యూటీ గారు సెలవు పెట్టి తిరుపతి పోతే, ఆయన కుర్చీలో మీరు కూర్చోలేదూ? ఆయన్ని వేసింది కూడా పైవాళ్లేగా. ఎవరన్నా వద్దన్నారా?"

"అది వేరు. అది ఇన్‌చార్జి. ఆయన సీటు ఆయనదే. సెలవులో ఉన్నంతసేపూ..." అంటూ పానకాలరావు ఆగిపోయాడు. ఉప్మా ముద్ద నోటి దాకా వచ్చి అక్కడే ఉంది. తర్వాత దాన్ని మింగకుండానే చెప్పులేసుకున్నాడు.

ఆఫీసుకి వెళ్లి ఒక్క ఊపున రాసిన డ్రాఫ్టుని శేషావతారం ముందు పెట్టాడు. ఆయన పైకి చదివాడు. 'డిస్కు కంట్రోలరు సీటునందు పనిచేయుచున్న శ్రీ రెయిడ్ గారు స్వంత పనుల నిమిత్తము నేటి అపరాహ్ణము సగము దినము క్యాజువల్ సెలవు కోరుచున్నందున, వారి స్థానమున పూర్వానుభవము గల శ్రీ ఏహెచ్‌సీఐ గారిని సాయంత్రము ఐదు గంటల వరకు ఇన్‌చార్జిగా నియమించుటకు అనుమతింప ప్రార్థన.'

శేషావతారం కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. అయినా అధికారి అన్నాక ఒక ప్రశ్నైనా వెయ్యకపోతే బావుండదు.

"సెలవులో ఈయన ఊరు విడిచి వెళ్తున్నారా? వెళ్తే దానికి వేరే అనుమతి కావాలి."

"లేదు సార్. మదర్‌బోర్డు దాటి ఎక్కడికీ వెళ్లరు" అన్నాడు పానకాలరావు.

"అయితే నాకు అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టాడు. "ఇన్‌చార్జి కదా, జేడీ గారి మాటకి భంగం లేదు."

మధ్యాహ్నం రెండింటికి షమీమ్ నాలుగు మీటలు నొక్కి చార్జి మార్పించింది. కంప్యూటరు ఒకసారి మూలిగి, డిస్కుని గుర్తుపట్టి, పాత బొమ్మలతో తెర మీదికొచ్చింది. పోయిన మనిషి తిరిగొచ్చినట్టు పానకాలరావు దానికి దండం పెట్టాడు. బదిలీల పేజీ తెరిచి, తాతల నాటి వివరాలన్నీ ఒక్కొక్కటే నింపుకుంటూ సగం దాకా వచ్చాడు. గోడ గడియారం మూడు కొట్టింది.

"రీడింగు" అన్నాడు శేషావతారం.

"సార్, ఒక్క పది నిమిషాలు సార్. ఇప్పుడు ఆపితే రాసిందంతా పోతుంది" అన్నాడు పానకాలరావు.

"గంట గంటకూ రీడింగు తీస్తామని జవాబు రాసింది మీరే కదండీ. మీ డ్రాఫ్టుని మీరే ధిక్కరిస్తే ఎలా?"

షమీమ్ జాలిగా చూసి ఆపేసింది. రాసిందంతా పోయింది. రీడింగు నలభై ఆరు. మళ్లీ మొదటి నుంచీ మొదలు. ఈసారి నింపడం పూర్తయిందనగా, మీరు మనిషేనని నిరూపించుకోండి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచండి అని తెర అడిగింది. నడిగుండ్లలో ట్రాఫిక్ లైటు లేదు. పానకాలరావు ఎర్రగా కనపడినవన్నీ ఎంచాడు, అందులో ఒకటి పోస్టు డబ్బా. తను మనిషేనని మూడోసారికి నమ్మించేలోపు నాలుగు కొట్టింది.

"రీడింగు."

రీడింగు తీసి కంప్యూటరు లేవగానే ఆయన మూడోసారి కూర్చున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏసీ గదిలో, పద్దెనిమిది డిగ్రీల్లో, మనిషికి ఇన్ని చెమటలు పట్టడం యేసుపాదం అప్పుడే చూశాడు. ఈసారి షమీమ్ ట్రాఫిక్ లైట్లు తను పట్టింది. ఆయన పుట్టినతేదీ, చేరిన తేదీ, కోరుకునే స్థలం చకచకా కొట్టాడు. చివరి మీట నొక్కాడు. గుండ్రంగా ఏదో తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. యేసుపాదం మెల్లగా లేచి హాల్లోకెళ్లి, స్టూలెక్కి, గోడ గడియారం ముళ్లు వేలితో పట్టుకుని నిలబడ్డాడు.

"యేసుపాదం, ఐదు కాలేదా ఇంకా?" అన్నాడు శేషావతారం లోపల్నుంచి.

"ఇంకా కొట్టలేదయ్యా. బద్దకించింది" అన్నాడు యేసుపాదం.

తెర మీద 'మీ ఆప్షన్ స్వీకరించబడినది' అన్నమాట పడింది. పానకాలరావు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. యేసుపాదం వేలు తీశాడు, ఐదు కొట్టింది. ఏహెచ్‌సీఐ గారు చార్జి అప్పగించారు. రెయిడ్ గారు సెలవు ముగించుకుని డ్యూటీలో చేరారు. డిస్కు మళ్లీ కనబడకుండా పోయింది, ఆఫీసులో ప్రశాంతత నెలకొంది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తాటిపర్తి పానకాలరావు, సూపరింటెండెంటు, ఏటిగరువు. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదువుకున్నాడు. వీడ్కోలు సభలో తలా ఒక శాలువా కప్పారు. మామూలుగా అయితే నడిగుండ్లలో శాలువా కప్పించుకోవడం కంటే శిక్ష లేదు. పానకాలరావు మాత్రం అన్నీ మడిచి జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకున్నాడు.

బస్సు కొండెక్కుతుంటేనే చెమటకాయలు చల్లబడ్డాయి. అలివేలు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, మంచు తగిలిందని చిన్నపిల్లలాగా నవ్వింది. దిగిన రాత్రే పౌడరు డబ్బా అటక మీద పడేసింది. పొద్దున్నే కొబ్బరినూనె చెంచాతో తవ్వుకుని తలకి రాసుకుని, స్వెటరేసుకుని, పానకాలరావు పెళ్లికొడుకులాగా ఆఫీసుకి వెళ్లాడు.

ఆఫీసు బయట ఎండపొడలో నలుగురు గుమాస్తాలు దుప్పట్లు కప్పుకుని నెగడు చుట్టూ కూర్చుని ఉన్నారు. ఫైళ్లు వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి.

"లోపల కూర్చోరేం బాబూ?"

"కొత్త సూపరింటెంటు బాబా? నమస్కారం బాబూ" అంటూ లేచాడు అందరికంటే పెద్దవాడు, లక్ష్మన్న. "నోపలెట్టా కూకుంటాం బాబూ. ఏసీ ఏసేసినారు గదా."

"ఏసీనా? ఇక్కడా?"

"పోయిన్నెల తెచ్చి బిగించీసినారు. రాష్ట్రం మొత్తానికీ వొచ్చిందట ఆర్డరు. పెసెసరుండే గది ఏదైనా సరే, ఇంత చలి ఎయ్యాలట. కట్టెయ్యడానికి లేదు, పద్దెనిమిదికాడ ఆగినా కట్టేసినట్టేనట, కట్టేసినోడి మీద చర్యట. నోపల కూకోవల్సినోడు సూపరింటెంటొక్కడే. అందుకే పాత బాబు గడువుకి రెండు నెలలు ముందే రిటైరయిపోనాడు."

పానకాలరావు తలుపు తోశాడు. లోపల్నుంచి వచ్చిన గాలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దాల మీద మంచు పేరుకుంది. గోడకి చట్రం కట్టి తగిలించిన ఉత్తర్వు ఉంది. 'ప్రదేశ కాల ఋతు భేదముల నిమిత్తము లేకుండా.' దాని కింద ఎర్రసిరాతో దీక్షితులు గారి సూత్రం. ప్రాసెసరు రీడింగు పదకొండు. చల్లగా ఉంది గనక ఏసీ పనిచేస్తోందన్నమాట.

పోనీ ఏసీ గారిని సగం రోజు సెలవు మీద పంపి, బయట ఉన్న నెగడుని ఇన్‌చార్జి వేద్దామా అనుకున్నాడు. పక్కనే ఇంకో కాగితం ఉంది. 'నడిగుండ్ల ఉదంతము దృష్ట్యా, ఇకపై ఏ యంత్రమునకును ఎట్టి సెలవును మంజూరు చేయరాదు.' పానకాలరావు మెల్లగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నడిగుండ్ల శాలువాలన్నీ ఇంట్లోనే వదిలేసి వచ్చినందుకు మనసు గిలగిల్లాడింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

లక్ష్మన్న గుమ్మం అవతలే నిలబడి టీ గ్లాసు లోపలికి జరిపాడు. గోడమీద ఉత్తర్వు వంక కోపంగా చూశాడు.

"నాకు తెలవక అడుగుతాను బాబూ. కొండల్లో ఏసీ ఎయ్యమని ఏ పుణ్యాత్ముడు రాసుంటాడంటారు? ఆడికి మతుండే రాసినాడా?"

పానకాలరావు కోతి టోపీని కనుబొమల దాకా కిందికి లాక్కున్నాడు. అలివేలు కుట్టిన కుచ్చు ముక్కు మీద పడింది.

"పాపం, ఎవడో ఎండదెబ్బ తగిలినవాడు రాసుంటాడు లక్ష్మన్నా" అన్నాడు.